సైటు మూత మీద ఉంటే: సిరొంచ వైపు ఒక జీరోయింగ్ కేసు, ఒకే ముక్క అప్పర్ రిసీవర్ సంగతి

ఫిర్యాదు

గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లో మా క్యాంపు. అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఇటు సిరొంచ, అంకీస ఊళ్లలో బోర్డులు మరాఠీలో ఉంటాయి, బేరాలు తెలుగులో నడుస్తాయి. మా దళంలో చేరిన స్థానిక కుర్రాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను అక్కడ ఆర్మరర్‌ని, అంటే ఆయుధాల మరమ్మతు చూసేవాణ్ణి. యూనిట్ పేరు, ఆయుధాల సంఖ్య, సైట్లు సరఫరా చేసినవాళ్ల పేరు ఇందులో రాయను. వాటితో ఈ కేసుకు పని లేదు.

ఏకే రైఫిళ్లలో కొన్నింటికి కొత్తగా రిఫ్లెక్స్ సైట్లు, అంటే అద్దంలో ఎర్ర చుక్క చూపించేవి, వచ్చాయి. ఎర్ర చుక్క ఎక్కడ పెడితే గుండు అక్కడ పడుతుందని అందరికీ సంబరం. మొదటి రోజు రేంజిలో జీరోయింగ్, అంటే గురిపెట్టిన చోటే గుండు పడేలా సైటుని సర్దడం, బాగానే కుదిరింది. వారం తిరగకముందే అంకీస కుర్రాడొకడు కోత్ (ఆయుధాలు దాచే గది) కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఉస్తాద్, నిన్న నడుమల తగిలింది. రాత్రి సాఫ్ చేసి పెట్టిన. పొద్దుగాల కొడితే మొత్తం కుడికే పోతున్నయ్. నా చెయ్యి వంకరనా, రైఫిల్ వంకరనా?"

ఆ తర్వాత ఇదే మాట ఇంకో ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఒకరికి కుడికి, ఒకరికి ఎడమకి, ఒకరికి పైకి. అందరికీ ఒకే వైపు పోతే సైట్లలోనే ఏదో తేడా అనుకోవచ్చు. ఒక్కొక్కరికి ఒక్కో వైపు పోతోంది, అదీ క్లీనింగ్ అయిన మర్నాడే. నాకు పట్టిచ్చిన ఆనవాలు అదే.

ఏం పరీక్షించాం

ఇలాంటి ఫిర్యాదు వస్తే ముందు అందరి వేలూ కాల్చేవాడి వైపే చూపిస్తుంది. ట్రిగ్గర్ గుంజాడనో, ఊపిరి పట్టలేదనో అంటారు. అది తేల్చడం తేలిక. ఇసుక బస్తాల మీద రైఫిల్ పెట్టి, ఒకే లాటు మందుగుండుతో, ఇద్దరు మంచి షూటర్లతో అయిదేసి రౌండ్ల గ్రూపు వేయించాం. ఇద్దరి గ్రూపులూ బిగుతుగానే వచ్చాయి. చెదిరింది గ్రూపు కాదు, గ్రూపు మొత్తం జరిగింది. మా భాషలో చెప్పాలంటే ఎంపీఐ, అంటే గుళ్లు పడ్డ చోట్ల నడిమి బిందువు, మారింది. షూటర్ తప్పు అయితే గుళ్లు చెల్లాచెదురవుతాయి. ఇలా గుంపుగా పక్కకు వెళ్లిందంటే చూసే గీతకీ బ్యారెల్‌కీ మధ్య ఏదో కదిలిందన్నమాట.

తర్వాత సైటు బిగింపు చూశాం. మౌంట్ స్క్రూల మీద పెయింటు గీత గీసి పెట్టాను. స్క్రూ కదిలితే గీత తెగుతుంది. కాల్చాక చూస్తే గీతలు చెక్కుచెదరలేదు. అంటే సైటు తను కూర్చునే రైలు (గాళ్లున్న లోహపు పట్టీ) మీద గట్టిగానే ఉంది. మరి రైలు దేని మీద ఉంది?

అసలు కథ అక్కడుంది. ఈ సైట్ల కోసం వచ్చిన రైలు రైఫిల్ బాడీ మీద లేదు. పాత రేకు మూత తీసేసి, దాని స్థానంలో పైన పికాటిన్నీ రైలు ఉన్న మూత పెట్టారు. ఏకేలో మూత పట్టు ఎలా ఉంటుందో విప్పినవాళ్లందరికీ తెలుసు. ముందు అంచు రియర్ సైట్ బ్లాక్ వెనకున్న గాడిలో కూర్చుంటుంది. వెనక వైపు రిటర్న్ స్ప్రింగ్ గైడ్ చివరి బొడిపె మూతకున్న కంతలోంచి బయటికి వచ్చి పట్టుకుంటుంది. బొటనవేలితో బొడిపె నొక్కితే మూత చేతిలోకి వస్తుంది. దుమ్ము లోపల పడకుండా చూడడం, స్ప్రింగుని తన చోట ఉంచడం దాని పని. 1940ల చివర్లో ఆ రైఫిల్ గీసినవాళ్లు దాని మీద ఎవరైనా సైటు పెడతారని అనుకోలేదు. అనుకోలేదు కాబట్టే దాని పట్టు వదులుగా ఉన్నా వాళ్లకు ఇబ్బంది రాలేదు. ఊగే పెట్టె మూత మీద త్రాసు పెట్టి బంగారం తూచినట్టుంది మనం చేసిన పని.

రుజువు కావాలి కాబట్టి క్లీనింగ్ అనే మాటనే పక్కన పెట్టాం. రైఫిల్‌ని తుడవలేదు, నూనె పెట్టలేదు, సైటు ముట్టలేదు. గ్రూపు వేశాం, మూత తీసి మళ్లీ పెట్టాం, గ్రూపు వేశాం. మళ్లీ తీసి పెట్టాం. ప్రతిసారీ గ్రూపు కొంచెం కొంచెం తిరుగుతూనే ఉంది. మూత తియ్యకుండా వరసగా వేసిన గ్రూపులు మాత్రం ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ పూటకే కేసు సగం తేలిపోయింది.

లెక్క ఇలా ఉంటుంది. మూత పొడవు సుమారు 20 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక చివర 0.2 మిల్లీమీటర్లు, అంటే రెండు మూడు కాగితాల మందమంత పక్కకు కూర్చుందనుకుందాం. 200 మిల్లీమీటర్లకు 0.2 తేడా అంటే వెయ్యింటికి ఒక వంతు. వంద మీటర్లలో అది 10 సెంటీమీటర్లు అవుతుంది. రెండు వందల మీటర్లలో 20. రేంజిలో వాడే మనిషి ఆకారపు ఫిగర్ 11 టార్గెట్ వెడల్పే సుమారు 45 సెంటీమీటర్లు. నడుమ చూసి కొట్టిన గుండు 200 మీటర్లలో అంచుకు చేరుతుంది, 300లో టార్గెట్ దాటి పోతుంది. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకులు) పెట్టి చూస్తే మా మూతల్లో పక్క ఆట, అంటే పక్కలకి కదిలే వదులు, ఇంచుమించు అంతే ఉంది. కుర్రాడు చెప్పిన కుడి వంకర దీంతో సరిపోయింది.

పాత ఐరన్ సైట్ల గొప్పతనం అప్పుడు గుర్తొచ్చింది. ఏకేలో రియర్ సైట్ ఆకు కూర్చునే బ్లాకుని బ్యారెల్ మీదకే గట్టిగా ఎక్కించి పిన్ను కొడతారు. ఫ్రంట్ సైటూ బ్యారెల్ మీదే. రైఫిల్‌ని ఎన్నిసార్లు విప్పినా ఈ రెండిటికీ బ్యారెల్‌కీ ఉన్న సంబంధం తెగదు. ఖరీదైన ఎర్ర చుక్కకి లేని భరోసా ఇనుప గాడికి ఉంది.

పనిలో పనిగా బయటపడ్డ ఇన్సాస్ గొడవ

రేంజికి వచ్చాం కదా అని మన దేశపు రైఫిళ్లయిన ఇన్సాస్‌లు కూడా కొన్ని వేయించాం. వాటిలో రెండు పక్కకు కొట్టాయి, వాటికి ఏ కొత్త సైటూ లేదు. ఇన్సాస్ పుట్టుకలో ఏకే పోలిక చాలా ఉన్నా ఒక తేడా ఉంది. దాని రియర్ సైట్ 400 మీటర్ల వరకు గుర్తులతో మూత వెనక చివరే ఉంటుంది. ముందు సైటు గ్యాస్ బ్లాక్ మీద. అంటే గురిలో సగం మూతకి అప్పజెప్పారు. సైట్ల మధ్య దూరం సుమారు అర మీటరు ఉంది కాబట్టి 0.2 మిల్లీమీటర్ల తేడాకి వంద మీటర్లలో 4 సెంటీమీటర్లు, మూడు వందల్లో 12 పోతుంది. రైలు మూత కంటే నయమే కానీ లేనట్టు కాదు.

ఆ రెండు రైఫిళ్లది ఇంకో రకం గొడవ. ఖోల్నా-జోడ్నా (రైఫిల్ విప్పి జోడించే) క్లాసు ఒకే తార్పాలిన్ మీద జరుగుతుంది. సెక్షన్ మొత్తం రైఫిళ్లు విప్పి వరసగా పేరుస్తారు, పక్కవాడితో కబుర్లు చెప్పుకుంటూ జోడిస్తారు. మూతలు తారుమారు అయ్యాయి. ఒక రైఫిల్‌తో జీరో చేసిన మూత ఇంకో రైఫిల్ ఎక్కింది. చూడ్డానికి రెండూ ఒకటే, బిగుసుకోవడమూ బిగుసుకుంటుంది. గురి మాత్రం పక్కవాడిది. మర్నాడే ప్రతి మూతకీ లోపలి వైపు రైఫిల్ నంబరు చివరి అంకెలు పెయింటుతో వేయించాను. పైసా ఖర్చు లేదు, ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదే అని నా లెక్క.

అతుకులు లెక్కపెట్టడం

ఈ కేసు నుంచి నాకొక అలవాటు వచ్చింది. కొత్త రైఫిల్ ఏది చేతికొచ్చినా దాని బరువో కాలిబరో అడగను. సైటుకీ బ్యారెల్‌కీ మధ్య ఎన్ని అతుకులున్నాయి, వాటిలో జవాను రోజూ చేత్తో విప్పేవి ఎన్ని, ఈ రెండే చూస్తాను. ఆర్మరర్ టార్క్ రెంచితో బిగించి వదిలేసిన అతుకు ఏళ్ల తరబడి కదలకపోవచ్చు. క్లీనింగ్‌కి రోజూ తెరిచే అతుకు మాత్రం ఏదో ఒక రోజు తేడాగా కూర్చుంటుంది.

ఏకే మీద రైలు మూత పెడితే రోజూ విప్పేది ఒకటి. సైటుని గ్యాస్ ట్యూబు మీది రైలుకి మారిస్తే కూడా ఒకటి, ఎందుకంటే లీవర్ తిప్పి గ్యాస్ ట్యూబుని కూడా క్లీనింగ్‌కి తీస్తాం. పైగా అక్కడ వేడి. బాడీ ఎడమ పక్కన రివెట్లతో రైలు కొట్టించి దానికి సైటు తగిలిస్తే విప్పే అతుకు సున్నా. కానీ బాడీకి రంధ్రాలు పెట్టి రివెట్లు కొట్టడం యూనిట్ స్థాయి పని కాదు, బేస్ వర్క్‌షాప్ పని.

ఎం16 తరహా రైఫిల్లో ఇది పుట్టుకతోనే సరిగ్గా ఉంది. దాని బాడీ రెండు ముక్కలు. కింది ముక్కలో ట్రిగ్గర్, మ్యాగజైన్. పై ముక్కలో బోల్టు, దాని ముందు బ్యారెల్. ఈ పై ముక్కే అప్పర్ రిసీవర్, 7075-టీ6 అల్యూమినియం ఫోర్జింగ్‌తో చేస్తారు. బ్యారెల్‌ని దానికి పెద్ద నట్టుతో బిగిస్తారు, 30 నుంచి 80 ఫుట్-పౌండ్ల టార్క్. క్లీనింగ్‌కి వెనక పిన్ను లాగితే రైఫిల్ మడత తెరుచుకుంటుంది, బోల్టు వెనక నుంచి జారి వస్తుంది. సైటు అప్పర్ మీద, బ్యారెల్ అప్పర్‌లో, రెండూ కలిసే ఉంటాయి. 2019లో మన సైన్యం ఒప్పందం చేసుకున్న 72,400 సిగ్ 716 రైఫిళ్లు కూడా ఈ పద్ధతివే. పగటి సైటు ఒక్కటే మీ అవసరం అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు. అప్పర్‌నీ దాని ముందు చెయ్యి పట్టుకునే భాగాన్నీ కలిపి చేసిన ఒకే ముక్క అప్పర్ కోసం అదనంగా డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను.

మరి ఒకే ముక్క ఎవరికి కావాలి?

మామూలు అప్పర్ బోల్టు ఉండే చోటుతో అయిపోతుంది. దాని ముందున్న హ్యాండ్ గార్డ్ వేరే ముక్క. ఇప్పుడు హ్యాండ్ గార్డ్ పట్టుకోవడానికే కాదు, రాత్రి వాడే ఇన్‌ఫ్రారెడ్ లేజర్, టార్చ్, బైపాడ్, మడిచే ఫ్రంట్ సైటు అన్నీ దాని మీదే. రాత్రి గాగుల్స్ పెట్టుకున్నవాడు పైన సైటులోంచి చూడడు. లేజర్ చుక్క ఎక్కడుంటే అక్కడ కొడతాడు. ఆ లేజర్ హ్యాండ్ గార్డ్ మీదుంది, హ్యాండ్ గార్డ్ మీద ఎడమ చెయ్యి బరువుంది, స్లింగ్ లాగుడుంది. పావు మీటరు పొడవున్న రైలు చివర ఒక మిల్లీమీటరులో పదో వంతు కదిలితే చాలు, వంద మీటర్లలో లేజర్ 4 సెంటీమీటర్లు జరుగుతుంది. చేత్తో పట్టుకుని ఊపితే మన వేళ్లకి తెలియనంత చిన్న ఆట అది.

అమెరికా వాళ్ల ఎం4 తొలి రైల్ హ్యాండ్ గార్డులు బ్యారెల్‌ని ఆనుకుని కూర్చునేవి. వాటిని నొక్కితే బ్యారెల్ కూడా కొద్దిగా వంగుతుంది. తర్వాత బ్యారెల్‌ని తాకని ఫ్రీ ఫ్లోట్ రైళ్లకు వెళ్లారు. దాంతో బ్యారెల్‌కి స్వేచ్ఛ వచ్చింది కానీ లేజర్‌కి మాత్రం అప్పర్ నుంచి హ్యాండ్ గార్డ్ మధ్య ఒక అతుకు మిగిలిపోయింది. ఆ అతుకుని కూడా తీసేద్దాం అన్నదే ఒకే ముక్క ఆలోచన. అప్పర్, హ్యాండ్ గార్డ్ రెండూ ఒకే లోహపు దిమ్మలో కోసేస్తారు. రైలు వెనక నుంచి ముందు దాకా తెగకుండా పోతుంది.

అమెరికన్ కంపెనీ ఎల్ఎంటీ ఈ దారిలో బాగా పేరు తెచ్చుకుంది. అఫ్గానిస్తాన్ అవసరం మీద బ్రిటన్ తీసుకున్న ఎల్129ఏ1 షార్ప్‌షూటర్ రైఫిల్ 7.62 ఎంఎంలో వాళ్లదే, 2010 ప్రాంతంలో సేవలోకి వచ్చింది. న్యూజిలాండ్ 2015లో తన స్టెయిర్ రైఫిళ్ల స్థానంలో ఎల్ఎంటీ మార్స్-ఎల్ ఎంచుకుంది. ఎస్టోనియా 2019లో అదే కంపెనీ వైపు వెళ్లింది. డెన్మార్క్ ఎం/10 కూడా ఒకే ముక్క అప్పర్‌దే, అది కోల్ట్ కెనడా తయారీ. బెల్జియం ఎఫ్ఎన్ స్కార్ అయితే అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్‌తో అప్పర్ చేసింది. కిటికీ ఫ్రేముల సెక్షన్లు తీసే పద్ధతే, లోహం మాత్రం మేలైనది. ఇంకా వెనక్కి పోతే ఆస్ట్రియా 1977లో తీసుకున్న స్టెయిర్ ఏయూజీ ఉంది. దాని అల్యూమినియం బాడీలో స్కోపు కూడా కలిసే ఉంటుంది, బ్యారెల్ మాత్రం చేత్తో తిప్పితే ఊడుతుంది. అక్కడ రోజూ విప్పే అతుకు బ్యారెల్ దగ్గర ఉంది. అతుకుని మాయం చేయడం కష్టం, ఎక్కడ పెట్టాలో మాత్రం మన చేతిలో ఉంటుంది.

మా చేతికి వచ్చిన నమూనా

ఒక సరఫరాదారు ప్రదర్శనకి ఒకే ముక్క అప్పర్ ఉన్న 5.56 ఎంఎం రైఫిల్ తెచ్చాడు. రేంజి మాదే కాబట్టి మా పద్ధతిలోనే చూస్తామన్నాం. పైన రిఫ్లెక్స్ సైటు, ముందు పక్కన లేజర్. రెండిటినీ జీరో చేసి, ఏకేకి పెట్టిన పరీక్షే దీనికీ పెట్టాం. బోల్టు తీసి, తుడిచి, జోడించి మళ్లీ గ్రూపు. ఎంపీఐ కదల్లేదు, మామూలు ఫ్లాట్ టాప్ (అప్పర్ పైభాగం చదునుగా, రైలుతో ఉండే) రైఫిల్లో కూడా కదలదు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

తేడా లేజర్ దగ్గర కనిపించింది. రైఫిల్‌ని వైజులో బిగించి లేజర్ చుక్కని గోడ మీది గళ్ల కాగితం మీద పడేలా చేశాం. మా దగ్గరున్న విడి హ్యాండ్ గార్డ్ రైఫిల్ ముందు భాగాన్ని చేత్తో పక్కకు నొక్కితే చుక్క గళ్లు దాటి జరిగింది, వదిలితే చాలావరకు వెనక్కి వచ్చింది, పూర్తిగా మాత్రం రాలేదు. నా దృష్టిలో ఆ పూర్తిగా రాకపోవడమే ప్రమాదం. నొక్కినప్పుడు వంగితే వంగనీ, వదిలినప్పుడు పాత చోటికి రావాలి. ఒకే ముక్క దాంట్లో కూడా నొక్కితే చుక్క కొంచెం కదిలింది, వదలగానే మొదటి గడిలోనే వచ్చి నిలిచింది. లోహం వంగుతుంది, తిరిగి వస్తుంది. అతుకు జారుతుంది, జారిన చోటే ఉండిపోతుంది.

వేడి సంగతి కూడా మా ప్రాంతానికి చిన్నది కాదు. చంద్రపూర్, గడ్చిరోలి వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నల్ల ఆనోడైజింగ్ ఉన్న రైలు ఎండలో పెట్టి ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, కాల్పులు మొదలయ్యాక సరేసరి. అల్యూమినియం మీటరుకి డిగ్రీకి 23 మైక్రాన్లు పెరుగుతుంది, ఉక్కు సుమారు 12. ముప్పై సెంటీమీటర్ల రైలు 60 డిగ్రీలు వేడెక్కితే 0.4 మిల్లీమీటర్లు సాగుతుంది, పక్కనున్న ఉక్కు బ్యారెల్ సగమే సాగుతుంది. రైలుని ముందూ వెనకా రెండు చివర్లా కట్టేస్తే ఆ 0.2 తేడా ఎక్కడికో ఒక చోటికి పోవాలి. వంగుతుంది, లేదా బిగింపు జారుతుంది. ముందు చివర స్వేచ్ఛగా ఉన్న ఒకే ముక్కలో అది హాయిగా ముందుకు సాగి, చల్లబడ్డాక వెనక్కి వస్తుంది.

ఇక్కడ జర్మనీ అనుభవం చెప్పుకోవాలి, లేకపోతే ఒకే ముక్క అనగానే మంత్రం అనుకుంటారు. జీ36 రైఫిల్ బాడీ ఒకే పోత, కానీ ప్లాస్టిక్. లోపల ఉక్కు ముక్కని పోతలోనే బిగించి బ్యారెల్‌ని దానికి పట్టించారు, సైటు పైనున్న ప్లాస్టిక్ హ్యాండిల్‌లో. వేడెక్కితే గురి తప్పుతోందని పెద్ద రచ్చ అయ్యి, ఇప్పుడున్న రూపంలో దీనికి భవిష్యత్తు లేదని 2015లో రక్షణ మంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ ప్రకటించారు. మరుసటి ఏడాది కోబ్లెంజ్ కోర్టు మాత్రం ఒప్పందంలో అడిగినట్టే కంపెనీ ఇచ్చిందని తీర్పు చెప్పింది. కొనేటప్పుడు వేడిలో గురి ఎంత నిలవాలో రాసుకోకపోతే తర్వాత ఎవరినీ అనడానికి లేదు. ముక్కలు ఎన్ని అన్నది ఒక ప్రశ్న, ముక్క దేనితో చేశారన్నది ఇంకో ప్రశ్న.

బ్యారెల్ మార్చడం

ఆర్మరర్‌గా నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది. ఏకేలో బ్యారెల్ అరిగిందంటే రైఫిల్ వర్క్‌షాప్‌కి వెళ్లాల్సిందే. ప్రెస్సు, పిన్నులు, హెడ్‌స్పేస్ గేజీలు అన్నీ కావాలి. ఎం4 రకంలో వైజు, పెద్ద రెంచి కావాలి. నట్టు బిగించేటప్పుడు దాని పళ్ల సందు గ్యాస్ ట్యూబు కంతకి ఎదురుగా రావాలి, టార్క్ కూడా హద్దుల్లో ఉండాలి. అది కుదిరేదాకా విప్పి బిగించి విప్పి బిగించి ప్రాణం విసుగెత్తుతుంది. ఎల్ఎంటీ పద్ధతిలో బ్యారెల్‌ని అప్పర్‌లోకి తోసి, అడ్డంగా రెండు బోల్టులు 140 ఇంచ్-పౌండ్లకి బిగిస్తే అయిపోయింది. అదీ పన్నెండు ఫుట్-పౌండ్ల లోపే, మణికట్టు బలం చాలు. క్యాంపులో చెట్టు కింద బల్ల మీద చేయొచ్చు. స్కార్‌లో కూడా బ్యారెల్ స్క్రూలతోనే ఊడి వస్తుంది.

అలా మార్చిన బ్యారెల్ పాత జీరోకే వస్తుందని బ్రోచర్లు అంటాయి. రావచ్చు. నేను మాత్రం రేంజిలో చూడకుండా కోత్ రిజిస్టర్‌లో సంతకం పెట్టను. అల్యూమినియం గూట్లో ఉక్కు బ్యారెల్ ఉంది కాబట్టి ఇంకో జాగ్రత్త కూడా కావాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా అడవిలో ఏ వస్తువూ పూర్తిగా ఆరదు. రెండు వేర్వేరు లోహాల మధ్య తడి నిలిస్తే తుప్పు పట్టి బ్యారెల్ బిగుసుకుపోతుంది. ఏళ్ల తరబడి విప్పకుండా వదిలేస్తే అవసరమైన రోజున రాదు. గ్రీజు పెట్టి, వానాకాలం అయ్యాక ఒకసారి విప్పి చూడాలి.

ఒకే ముక్క మీద నా అభ్యంతరాలు

రైఫిల్ మా దగ్గర ఎలా బతుకుతుందో తెలిస్తే ఈ భాగం సులభంగా అర్థమవుతుంది. ట్రక్కు ఇనుప నేల మీద పడుతుంది, బండ మీద ఆనుతుంది, వాగు దాటేటప్పుడు జారి రాళ్ల మీద పడుతుంది. దెబ్బ ముందు తగిలేది హ్యాండ్ గార్డ్‌కే. విడి హ్యాండ్ గార్డ్ వంగితే కొత్తది వేసి గంటలో రైఫిల్ తిరిగి ఇచ్చేస్తాను. ఒకే ముక్క వంగితే మొత్తం అప్పర్ పోయినట్టే. దాన్ని సరిచేయలేం, సుత్తితో తట్టి నిటారు చేసే వస్తువు కాదు. కండెమ్ చేయాలి, కొత్తది తెప్పించాలి.

కాగితం పని ఇంకో తలనొప్పి. స్కార్ లాంటి వాటిలో ఆయుధం నంబరు పై ముక్క మీదే ఉంటుంది. అలాంటి రైఫిల్లో అప్పర్ మార్చడం అంటే రిజిస్టర్ లెక్కలో ఒక ఆయుధం పోయి ఇంకోటి వచ్చినట్టు. ఆ ఫైలు ఎన్ని బల్లలు తిరుగుతుందో ప్రభుత్వ దళంలో పనిచేసినవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. టెండరులోనే నంబరు కింది ముక్క మీద ఉండాలని, విడి అప్పర్లు కొన్ని కలిపి ఇవ్వాలని రాయించాలన్నది నా మాట.

ధర, బరువు గురించి ఎక్కువ చెప్పను. పెద్ద దిమ్మలోంచి ఎక్కువ లోహం కోసి పారేస్తారు కాబట్టి ధర పెరుగుతుంది, రైలు నాలుగు వైపులా ఉంటే ముందు బరువూ పెరుగుతుంది. రేపు కొత్త రకం హ్యాండ్ గార్డ్ వస్తే మార్చుకునే వీలుండదు, బ్యారెల్ కూడా ఆ కంపెనీదే కొనాలి. పెద్ద సైన్యాలు ఇందుకే వెనకాడుతున్నాయేమో. అమెరికా 2022లో తీసుకున్న కొత్త సిగ్ రైఫిల్, బ్రిటన్ 2023లో మెరైన్ కమాండోల కోసం ఎంచుకున్న కేఎస్-1, జర్మనీ జీ36 స్థానంలో తెస్తున్న హెచ్‌కే 416 రకం, మూడింటిలోనూ హ్యాండ్ గార్డ్ విడిగానే ఉంది. గట్టిగా బిగిసే అతుకు చేయడం వాళ్లు నేర్చుకున్నారు. ఒకే ముక్కకి ఉన్న ఆధిక్యం ఒకప్పుడున్నంత లేదు.

ఏం సిఫారసు చేశాం, ఏం అయింది

రైలు మూతలున్న ఏకేలకి ఇత్తడి రేకు ముక్కలు ముందు గాడిలో పెట్టి ఆట తగ్గించి చూశాం. కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత రేకు అరుగుతుంది, ఊడి లోపల పడితే అదో ప్రమాదం. ఆపేశాం. వాటిలో రాత్రి డ్యూటీవి కాని రైఫిళ్ల నుంచి సైట్లు తీసేసి ఐరన్ సైట్లకే వెనక్కి వెళ్లాం. కుర్రాళ్లకి నచ్చలేదు. అంకీస కుర్రాడు మొహం మాడ్చుకుని, "గింత మంచి సైటు తీసుడెందుకు ఉస్తాద్, మూత తియ్యకుంట సాఫ్ చేస్త" అన్నాడు. మూత తీయకుండా గ్యాస్ పిస్టన్ ఎలా తీస్తావో చూపించు అంటే నవ్వి ఊరుకున్నాడు.

సైట్లు తప్పనిసరిగా ఉంచాల్సిన రైఫిళ్లకి ఒక పద్ధతి పెట్టాం. మూత పెట్టాక ఎప్పుడూ ఒకే వైపుకి నెట్టి కూర్చోబెట్టాలి. అలా చేస్తే ఆట ఉన్నా ప్రతిసారీ ఒకే మూలకి వస్తుంది. తర్వాత ఎర్ర చుక్క ఐరన్ సైటు కొసన కూర్చుందో లేదో చూడాలి. రెండూ కలవకపోతే ఆ రైఫిల్ గేటు దాటదు, నా దగ్గరికి వస్తుంది. ఐరన్ సైటు బ్యారెల్‌కే అతుక్కుని ఉంది కాబట్టి అది సాక్షి. ఈ చెకింగ్ మొదలయ్యాక తప్పుడు జీరోతో రైఫిల్ రేంజిలో దొరకడం బాగా తగ్గింది.

పైకి పంపిన నోట్‌లో రాసింది ఇంతే. సైటు పెట్టదలిస్తే క్లీనింగ్‌కి విప్పే ఏ ముక్క మీదా పెట్టవద్దు. కొత్త రైఫిల్ కొంటే, పగటి సైటు మాత్రమే వాడేవాళ్లకి మామూలు ఫ్లాట్ టాప్ అప్పర్ చాలు. లేజర్‌తో రాత్రి పనిచేసే చిన్న టీములకి, దూరం కొట్టే షార్ప్‌షూటర్లకి ఒకే ముక్క అప్పర్ ఇవ్వండి, విడి అప్పర్లతో సహా. వేడిలో, తడిలో, విప్పి జోడించాక గురి ఎంత లోపు నిలవాలో టెండరులో అంకెలతో రాయండి, పరీక్ష మే నెలలో పెట్టండి.

ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో తయారయ్యే ఏకే-203లు మా వైపు కూడా రావచ్చు. 2021 ఒప్పందం ప్రకారం ఆరు లక్షలకు పైగా తయారు కావాలి. వాటి రైలు కూడా మూత మీదే ఉంది. పాత ఏకే కంటే మూత పట్టు గట్టిగా చేశారు. మొదటి పెట్టె తెరిచిన రోజే ఇదే పరీక్ష పెడతాను. మూత తియ్యకుండా ఒక గ్రూపు, తీసి పెట్టాక ఒక గ్రూపు, ఫీలర్ గేజ్ కొలత పక్కన రాసి.